పాఠకుల ప్రశ్నలు: కత్తులు కొనే చేయి కత్తి చేయాలంటే

ఈ శీర్షికకు గత రెండు నెలల్లో వచ్చిన ఉత్తరాలలో ఐదు కత్తుల గురించినవే. రాసినవారిలో ఎక్కువమంది ఇన్నాళ్ళూ కత్తులు కొని దాచుకున్నవారు, ఇప్పుడు స్వయంగా చేయాలనుకుంటున్నవారు. అందుకని అన్నింటికీ ఒకేచోట జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగయింది. మిగిలినవారు కూడా దాన్ని చదివి, ఆ తర్వాత తమ జవాబు చూసుకోవాలని మనవి.

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగిని. వయసు 46. పదకొండేళ్ళుగా కత్తులు సేకరిస్తున్నాను. స్విస్ జేబుకత్తులు, ఫ్రాన్సు ఓపినెల్, ఫిన్లాండు పూక్కో, జపాను సంతోకు, రాంపురీ చాకు, రెండు ఖుక్రీలు, అన్నీ కలిపి నలభై మూడు ఉన్నాయి. ఇప్పుడు కొనడం మీద కన్నా చేయడం మీద మనసు పోతోంది. చేతిపని ఏదీ రాదు. కొలిమి పెట్టుకోవాలా, గ్రైండరు కొనుక్కోవాలా? సేకరణలో కొంత అమ్మి పరికరాలు కొనమంటారా? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: మీరు నడవబోతున్న దారిలో మీకన్నా ముందు నడిచినవారు చాలామందే ఉన్నారు. అమెరికాలో చేతితో కత్తులు చేసే కళ ఈనాటి స్థితికి రావడానికి కారకులైన ఇద్దరి కథ చెబుతాను. ఫ్లోరిడాలో నారింజ తోటలున్న బో రాండల్ అనే ఆయన 1930ల చివరలో సెలవులకు మిషిగన్ రాష్ట్రానికి వెళ్ళి, అక్కడొకరు కత్తితో పడవకు అంటిన రంగును గీకుతుండగా చూశారు. అంత మోటుపని చేస్తున్నా కత్తి వాదర చెక్కుచెదరకపోవడం ఆయనను ఆశ్చర్యపరిచింది. అది విలియం స్కేగెల్ అనే పనివాడు చేసిన కత్తి. రాండల్ దాన్ని కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నారు, తర్వాత సరదాగా తానూ ఒకటి చేసి చూశారు, రెండో ప్రపంచయుద్ధం నాటికి సైనికులు ఆయన కత్తుల కోసం ఉత్తరాలు రాసే స్థితి వచ్చింది. 1950ల మొదట్లో బాబ్ లవ్‌లెస్ అనే ఓడ ఉద్యోగి న్యూయార్కులో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళి రాండల్ కత్తి కావాలని అడిగితే నెలల తరబడి ఆగాలన్నారు. ఆయన ఆగలేక, పాత ప్యాకార్డ్ కారు స్ప్రింగు సంపాదించి తన కత్తి తానే చేసుకున్నారు. 2010లో చనిపోయేనాటికి ఆయన గీసిన వేటకత్తి రూపాన్ని ప్రపంచమంతా అనుకరిస్తోంది. ఒకరి కత్తిని చూసి ఒకరు మోహపడడమే ఈ వరుస అంతటికీ మూలం కాబట్టి, మీ పదకొండేళ్ళూ వృథా పోయాయని మీరు అనుకోనక్కరలేదు.

అయితే సేకరించేవారికి ఒక లోపం ఉంటుంది. నాకూ ఉండేది కాబట్టే చెబుతున్నాను. మనకు కత్తి పైరూపమే తెలుసు. పిడి ఏ కర్రో, ఉక్కు పేరేమిటో, ఏ సంవత్సరపుదో చెప్పగలం గాని, ఆ కత్తితో నెలరోజులు కూరగాయలు తరిగితే ఎలా ఉంటుందో చెప్పలేం, ఎందుకంటే తరగలేదు. నలభై మూడు కత్తులున్న ఇంట్లో వంటింటి కత్తి మొండిగా ఉండటం నేను చాలాచోట్ల చూశాను. అందుచేత గ్రైండరు కొనేముందు ఒక డిజిటల్ కాలిపర్, నోటుపుస్తకం కొనండి. ప్రతి కత్తినీ మూడుచోట్ల కొలవండి: పిడి దగ్గర వెన్ను మందం, మొనకు అంగుళం ఇవతల వెన్ను మందం, వాదరకు ఒక మిల్లీమీటరు పైన అలుగు మందం. ఈ మూడోదే అసలు సంగతి. మంచి వంటింటి కత్తికి వెన్ను రెండు, రెండున్నర మిల్లీమీటర్లుంటే, వాదర వెనక మందం మిల్లీమీటరులో మూడో వంతుకు మించదు. మీ ఖుక్రీలో అది అంతకు కొన్ని రెట్లు ఉంటుంది, ఉండాలి కూడా, ఎందుకంటే అది కొమ్మలు నరకడానికి చేసినది.

కొలిచాక కోయండి. క్యారెట్టు అన్నిటికన్నా నిజాయితీగా తీర్పు చెబుతుంది. మందపాటి కత్తి ఎంత పదునుగా ఉన్నా క్యారెట్టును సగం దాకా కోసి, ఆ పైన మేకులా దిగబడి టక్కున చీల్చేస్తుంది. పలుచని ఓపినెల్ కింది పలక దాకా కోస్తూనే పోతుంది. ఈ తేడా చేతికి తెలిశాక, పదును వేరు, అలుగు ఆకృతి వేరు అన్న విషయం ఎవరూ చెప్పకుండానే బోధపడుతుంది. టమాటా తొక్క మీద కత్తి జారుతుందా దిగుతుందా, ఉల్లిపాయ ముక్కలు అలుగుకు అతుక్కుంటున్నాయా రాలుతున్నాయా, అరగంట తరిగాక అరచేతిలో ఎక్కడ నొప్పి పుట్టింది, ఇవన్నీ రాసిపెట్టుకోండి. రెండు నెలలు ఈ పని చేస్తే మీకు నచ్చిన కత్తుల కొలతలు మీ దగ్గరే ఉంటాయి. మీ మొదటి కత్తికి నమూనా అందులోంచే రావాలి.

ఇక కొలిమి సంగతి. కాల్చి సాగగొట్టడం కళ్ళకు ఇంపైన పనే గాని, దానికి దాగలి, సుత్తి, పట్టకారు, బొగ్గు లేదా గ్యాసు కొలిమి, వీటన్నిటికన్నా ముఖ్యంగా శబ్దాన్ని భరించే ఇరుగుపొరుగు కావాలి. అపార్టుమెంటులో ఉండేవారికి అది కుదరని పని. సుత్తిపని రానివారు కొత్తలో ఉక్కును అవసరానికి మించి కాల్చి పాడుచేయడమూ మామూలే. మీరు ఉక్కు పట్టీ కొని, అక్కరలేని లోహాన్ని అరగదీసి అలుగు తీసే పద్ధతితోనే మొదలుపెట్టండి. లవ్‌లెస్ ప్రసిద్ధికెక్కించినదీ ఈ పద్ధతే. దీనికి గట్టి బల్ల, దానికి బిగించిన వైసు, పన్నెండు అంగుళాల ఆకురాయి ఒకటి, సన్నరకం ఒకటి, డ్రిల్లు, గరుకు కాగితాలు చాలు. డెబ్భై రెండు అంగుళాల బెల్టు తిరిగే గ్రైండరు తప్పక కొనాల్సిన యంత్రమే, అయితే మొదటి మూడు కత్తులు అయ్యాకే. ఆకురాయితో తప్పు నెమ్మదిగా జరుగుతుంది కనుక దిద్దుకోవచ్చు. గ్రైండరు మీద అదే తప్పు రెండు క్షణాల్లో అయిపోతుంది.

పట్టీ మీద రూపం గీసి, కోసి, అంచులు సాపు చేశాక, వాదర రావలసినచోట నడిమి గీత గీయాలి. దీనికొక తేలిక ఉపాయం ఉంది. పట్టీ మందం ఎంతో అంతే వ్యాసం ఉన్న డ్రిల్లు బిట్టును, అలుగును సమతలమైన పలక మీద ఆనించి, బిట్టు మొనతో అంచు వెంబడి గీరితే గీత సరిగ్గా మధ్యలో పడుతుంది. రెండు వైపుల వాలూ ఆ గీత దగ్గరకు వచ్చి ఆగాలి. కాల్చడానికి ముందే వాదరను కాగితంలా పలుచన చేయాలన్న తొందర వద్దు. ముప్పాతిక మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా మందం వదలండి. అంతకన్నా పలుచనైతే నూనెలో ముంచినప్పుడు అలుగు వంగుతుంది, లేదా పగులుతుంది.

ఇప్పుడు కత్తికి ప్రాణం పోసే ఘట్టం. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక టూల్ రూములో (ఫ్యాక్టరీలకు పనిముట్లు తయారుచేసే చోటు) హీట్ ట్రీట్‌మెంటు విభాగంలోనే, అంటే ఉక్కును కాల్చి చల్లార్చి గట్టిపరిచే పనిలోనే ఉన్నాను కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను, క్షమించాలి. కొత్తవారికి 1080, 1084 రకపు కార్బన్ ఉక్కు తగినది. అందులో కార్బన్ సుమారు 0.8 శాతం. అది పెద్ద పరికరాలేవీ లేకుండానే గట్టిపడుతుంది. ఉక్కు దాదాపు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి మరికొంచెం, అంటే 815 డిగ్రీల దాకా, అలుగంతా ఒకే రంగు వచ్చేలా కాల్చి, యాభై అరవై డిగ్రీల వరకు వెచ్చచేసిన వేరుశెనగ నూనెలో నిలువుగా ముంచాలి. ఎండలో రంగు తెలియదు, నీడ పట్టున చేయండి. చల్లారాక ఆకురాయితో వాదరను గీస్తే అది గాజు మీద జారినట్టు జారిపోవాలి. అప్పుడా అలుగు గాజంత పెళుసుగానూ ఉంటుంది, చేయి జారి నేల మీద పడితే రెండు ముక్కలవుతుంది. అందుకని ఆలస్యం చేయకుండా 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు ఓవెనులో ఉంచాలి. అప్పటికి పెళుసుతనం తగ్గి, రాక్‌వెల్ సి కొలతలో 58 నుంచి 60 వరకు కాఠిన్యం మిగులుతుంది. ఇళ్ళలో వాడే చిన్న ఓవెన్ల మీది అంకెలను నమ్మకండి. లోపల వేరే థర్మామీటరు పెట్టి, ఇసుక పోసిన పళ్ళెంలో అలుగును ఉంచితే వేడి నిలకడగా ఉంటుంది.

ఇంత తెలిసిన నేను ఇంట్లో చేసిన మొదటి కత్తిని నీళ్ళలో ముంచాను. పల్లెల్లో నీరు పట్టిస్తారు కదా అన్న ధీమా. టింగుమని చిన్న శబ్దం వినిపించింది. వాదర నుంచి వెన్ను దాకా వెంట్రుకంత పగులు. అది ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. ఊళ్ళో కమ్మరి నీళ్ళు వాడితే ఆ ఉక్కు రకం, ఎంతసేపు ముంచాలి, ఎంత లోతు ముంచాలి అన్నవి ఆయన చేతికి తెలుసు. నాకు తెలిసింది ఫ్యాక్టరీ ఫర్నేసు మాత్రమే.

మీరు మొదటి అలుగుతో పాటు అదే పట్టీలోంచి అరచేయంత ముక్క ఒకటి కోసి, దానికీ అదే సమయంలో అదే వేడి పెట్టి నూనెలో ముంచి, ఓవెనులో పెట్టకముందే వైసులో బిగించి విరగ్గొట్టండి. విరిగిన చోట బూడిదరంగు మఖమల్ గుడ్డలా నున్నగా కనిపిస్తే వేడి సరిపోయింది. చక్కెర పలుకుల్లా మెరిస్తే ఎక్కువ కాల్చారు. ఏ ప్రదర్శనలోనూ కొనలేని జ్ఞానం ఈ విరిగిన ముక్కలో ఉంది. వేడి విషయంలో బొత్తిగా ధైర్యం చాలకపోతే, హైదరాబాదులో బాలానగర్, జీడిమెట్ల వంటిచోట్ల టూల్ రూములకు ఈ పని చేసిపెట్టే షాపులుంటాయి. ఉక్కు రకం రాసిచ్చి, కాఠిన్యం ఎంత వచ్చిందో కాగితం మీద రాయించుకోండి. ఉక్కు రకం ఏమిటో మీకే తెలియకపోతే వారూ ఏమీ చేయలేరు.

అలుగు ఇలా గట్టిపడ్డాక చేసే గ్రైండింగులో చేతికి తొడుగు వేసుకోకండి. అలుగు వేళ్ళకు కాలితే వెంటనే నీళ్ళలో ముంచాలన్న గుర్తు అది. వాదర మీద నీలిరంగు కనిపించిందంటే అక్కడ వేడి 300 డిగ్రీలకు చేరువైంది, ఆ మేరకు మీరు కష్టపడి సాధించిన కాఠిన్యం పోయినట్టే. దుమ్ము ఊపిరితిత్తులకు పోకుండా మంచి మాస్కు, కళ్ళకు అద్దాలు లేనిదే యంత్రం మీట నొక్కవద్దు. లుంగీతో, వదులు చొక్కాతో దగ్గరకు పోవద్దు. మెరుగు పెట్టే గుడ్డచక్రం చూడ్డానికి మెత్తగా, అమాయకంగా ఉంటుంది గాని, అలుగును లాక్కుని మనిషి మీదకే విసరడంలో దానిని మించిన యంత్రం కార్ఖానాలో ఉండదు.

సేకరణ అమ్మే విషయం అడిగారు. ఒకేరకానివి రెండేసి ఉంటే ఒకటి అమ్మండి. పెట్టె కూడా తెరవనివి అమ్మండి. మీరు కొలిచి, కోసి, ఇష్టపడినవి ఐదారు ఉంటాయి, వాటిని మాత్రం ఎవరెంత ఇస్తామన్నా ఇవ్వకండి. అవే మీ పాఠ్యపుస్తకాలు. పాత, అరుదైన కత్తుల మీద మీ కొత్త గ్రైండింగు విద్య చూపించే ప్రయత్నం చేస్తే మాత్రం నేను మీతో మాట్లాడను.

ఇంకొక్క మాట. సేకరించేవారికి వైవిధ్యం మీద మోజు కాబట్టి, మొదటి ఏడాదిలోనే ఒక వేటకత్తి, ఒక మడతకత్తి, ఒక ఖుక్రీ చేసేయాలని ఉంటుంది. మడతకత్తి జోలికి ఇప్పుడే పోకండి. ఆరంగుళాల వంటింటి కత్తి, అదే ఉక్కు, అదే రూపం, పది చేయండి. మూడోదానికి మొదటిదాని తప్పు కనిపిస్తుంది, ఏడోదానికి మూడోదాని తప్పు కనిపిస్తుంది. రూపం మారుస్తూ పోతే ఏ తప్పు దేనివల్ల వచ్చిందో తేలదు. వాటిని అమ్మకుండా, రోజూ వండే నలుగురికి ఇచ్చి, ఆరునెలల తర్వాత వెనక్కి అడిగి చూడండి. వాదర చిట్లి ఉంటే ఓవెనులో వేడి చాలలేదు. వంగి ఉంటే ఎక్కువైంది, లేదా వాదర మరీ పలుచనైంది. తుప్పు పట్టి ఉంటే ఆ ఇంటివారికి కార్బన్ ఉక్కు కత్తిని తుడిచిపెట్టుకోవాలని మీరు చెప్పలేదన్నమాట.

ప్రశ్న: లారీ కమాను పట్టీతో కత్తి చేస్తే ఎదురుండదని మా మెకానిక్కు అంటున్నాడు. పాత ఇనుము కొట్టులో కిలోల లెక్కన దొరుకుతోంది. డబ్బు పెట్టి కొత్త ఉక్కు కొనడం ఎందుకు? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: మీ మెకానిక్కు చెప్పినది సగం నిజం. కమాను పట్టీలో కార్బన్ సాధారణంగా 0.5, 0.6 శాతం మధ్య ఉంటుంది. దెబ్బకు తట్టుకోవడం దాని గుణం కాబట్టి వేటకత్తికి, కొడవలికి, గొడ్డలికి అది చక్కగా సరిపోతుంది. మన కమ్మరులు దాన్ని వాడడంలో ఎంతో వివేకం ఉంది. పలుచని వంటింటి కత్తికి వచ్చేసరికి అది 1084 అంత కాలం వాదర నిలుపుకోదు. రెండో చిక్కు ఇంకా పెద్దది. లక్షల కిలోమీటర్లు గోతుల్లో ఊగిన పట్టీలో కంటికి కనిపించని పగుళ్ళుంటాయి. అవి కత్తి పూర్తయ్యాక నూనెలో ముంచినప్పుడు గాని బయటపడవు. అప్పటికి మీ పదిహేను రోజుల శ్రమ అందులో ఉంటుంది.

వాడక తప్పదనుకుంటే పట్టీని శుభ్రంగా రుద్ది, కిరోసిను పూసి, ఒక గంట ఆగి, పొడిగుడ్డతో బాగా తుడిచి, పైన సుద్దపొడి పలుచగా పూయండి. పగులుంటే అందులో దాగిన కిరోసిను పైకి వచ్చి సుద్ద మీద తడి గీతలా కనిపిస్తుంది. దొరికిన పట్టీ గట్టిగా ఉంటుంది కాబట్టి, ఎర్రగా కాల్చి రాత్రంతా బూడిదలో కప్పిపెట్టి మెత్తబరిస్తే తప్ప ఆకురాయి దిగదు. జస్తా పూత ఉన్న ఏ ఇనుమునూ కొలిమిలో పెట్టకండి, ఆ పొగ విషం. నన్నడిగితే, మొదటి ఐదు కత్తులకు రకం తెలిసిన ఉక్కునే కొనండి. కత్తి చెడినప్పుడు తప్పు మీదా, ఉక్కుదా అన్న అనుమానం లేకపోవడానికి ఆ మాత్రం ఖర్చు పెట్టవచ్చు. లవ్‌లెస్ కారు స్ప్రింగుతో మొదలుపెట్టాడు కదా అంటారేమో. నిజమే, తర్వాత ఆయన జీవితమంతా మేలైన ఉక్కు రకాల కోసం వెతుకుతూనే గడిపారు.

ప్రశ్న: మేము అమెరికాలో డాలస్‌లో ఉంటున్నాం. ఇక్కడి ప్రదర్శనల్లో డమాస్కస్ కత్తులు చాలా కొన్నాను. డమాస్కస్ ఉక్కు నిజానికి మన తెలంగాణదేనని విన్నాను. ఇక్కడ శిక్షణ తీసుకుని ఆ ఉక్కే చేయాలని ఉంది. సాధ్యమేనా? (ఒక పాఠకుడు)

జవాబు: మీరు విన్నదానికీ, మీరు కొన్నదానికీ మధ్య ఒక పేరే ఉమ్మడి. మీరు కొన్నవి దాదాపు తప్పకుండా రెండు రకాల ఉక్కు పొరలను కొలిమిలో అతికి, మడిచి, మెలిపెట్టి చేసినవి. సాధారణంగా అందులో ఒక పొరలో నికెలు ఉంటుంది. ఆమ్లంలో ముంచినప్పుడు ఆ పొర తెల్లగా మిగిలి, రెండోది నల్లబడి, అలల గీతలు తేలతాయి. అమెరికాలో ఈ పనికి మళ్ళీ ఆదరణ తెచ్చినది మేరీల్యాండుకు చెందిన బిల్ మోరన్. ఆయన 1973లో అటువంటి కత్తులను ప్రదర్శించారు, 1976లో అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ ఏర్పడడంలో ముందు నిలిచారు.

మన ఉక్కు కథ వేరు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇనుమును మూసల్లో పెట్టి, కార్బన్ పట్టించి, కరగనిచ్చి, నెమ్మదిగా చల్లార్చి చిన్న దిమ్మలుగా తీసేవారు. ఆ దిమ్మల కోసం పారశీక వర్తకులు అక్కడిదాకా వచ్చేవారని పందొమ్మిదో శతాబ్దంలో వాయిసీ అనే యూరోపియను రాసిపెట్టాడు. మన ‘ఉక్కు’ అన్న మాటే పడమటివారి నోట ‘వూట్జ్’ అయిందని పండితులు చెబుతారు. ఆ మాట కన్నడంలోనూ ఉంది కాబట్టి ఘనత అంతా మనదేనని పంతం పట్టనక్కరలేదు. ఈ ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం ప్రాంతంలో ఉంటుంది. దాని మీద కనిపించే నీటి అలల వంటి చారలు అతికిన పొరలవల్ల వచ్చినవి కావు, లోహంలోనే గట్టి కార్బైడు రేణువులు బారులు తీరడంవల్ల ఏర్పడినవి. ఆ బారులు తీరడంలో వెనేడియం వంటి మూలకాలు అతి స్వల్పంగా ఉండడం ముఖ్యమని అయోవా ఆచార్యుడు జాన్ వెర్హోవెన్, ఫ్లోరిడాలో గుర్రాలకు నాడాలు కొట్టే ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి తేల్చారు. ఒక ఆచార్యుడూ, ఒక కొలిమి పనివాడూ కలిస్తే గాని తేలని ప్రశ్న అది.

కాబట్టి సాధ్యమే, కాని అది మీ మొదటి మెట్టు కాదు, పదో మెట్టు కూడా కాకపోవచ్చు. ఎక్కువ కార్బన్ ఉన్న ఆ దిమ్మ కొంచెం వేడి ఎక్కువైతే సుత్తి కింద పొడిపొడిగా రాలిపోతుంది. మీరు అమెరికాలోనే ఉన్నారు గనుక, పైన చెప్పిన సొసైటీ పెట్టే జర్నీమన్ (నేర్చిన పనివాడు అన్న హోదా) పరీక్షను లక్ష్యంగా పెట్టుకోండి. అందులో పొరల డమాస్కస్ పనికిరాదు, మామూలు కార్బన్ ఉక్కును స్వయంగా సాగగొట్టి చేసిన కత్తే కావాలి. ఆ ఒకే కత్తి వేలాడుతున్న అంగుళం తాడును ఒక్క వేటుతో తెంపాలి, రెండు బై నాలుగు అంగుళాల కర్రను రెండుసార్లు నరకాలి, ఆ తర్వాత కూడా చేతి మీది వెంట్రుకలు గొరగాలి, చివరికి వైసులో తొంభై డిగ్రీలు వంచితే విరగకుండా ఉండాలి. ఎన్నో అందమైన కత్తులు కొన్న మీకు, చేసిన కత్తిని చేజేతులా వంచి పాడుచేసే ఈ పరీక్ష కష్టంగా తోస్తుంది. అందుకే అది మీకు మంచిది.

ప్రశ్న: ఇంట్లో కత్తులు చేస్తే పోలీసులతో ఇబ్బంది ఉంటుందా? పిడికి జింక కొమ్ము, ఎర్రచందనం వాడవచ్చా? (ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: 1959 నాటి ఆయుధాల చట్టం ఇంటిపనికి, వ్యవసాయానికి మాత్రమే ఉద్దేశించిన వస్తువులను ఆయుధాలుగా చూడదు. దాని కింది నియమాలు అలుగు తొమ్మిది అంగుళాలకు మించి పొడవున్నా, రెండంగుళాలకు మించి వెడల్పున్నా ఆ కత్తులను ఆయుధాల కోవలో చేర్చాయి, ఇల్లు, సేద్యం, శాస్త్రం, పరిశ్రమల పనులకు చేసినవాటిని మినహాయించి. కాబట్టి వంటింటి కత్తులు, తోటపని కత్తులు చేయండి. బాకులు, కత్తికర్రలు, మీట నొక్కితే తెరుచుకునేవి చేయకండి. అమ్మకం మొదలుపెట్టేముందు మీ జిల్లాలో ప్రత్యేక ఆంక్షలేమైనా ఉన్నాయేమో పోలీసు అధికారులను అడగండి. కొన్ని ప్రాంతాలకు వేరే నోటిఫికేషన్లు ఉంటాయి.

జింక కొమ్ము వద్దు. అడవిలో రాలి దొరికినదైనా వన్యప్రాణి రక్షణ చట్టం దాన్ని వదలదు. ఏనుగు దంతం మాట ఎత్తనే వద్దు. తిరుపతిలో ఉంటూ ఎర్రచందనం గురించి నన్ను అడగడం మీకే నవ్వు తెప్పించాలి. గేదె కొమ్ము, టేకు, నల్లతుమ్మ, చింతచేవ, ఇవన్నీ బాగుంటాయి. చింతచేవ ఆకురాయికి మొండికేస్తుంది గాని మెరుగు పెట్టాక దాని నలుపు చారలు చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. ఏ కర్రయినా కనీసం ఏడాది ఆరినది కావాలి, లేకపోతే ఎండాకాలంలో పిడి కుదించుకుపోయి ఉక్కు అంచు అరచేతికి గుచ్చుకుంటుంది.

ప్రశ్న: నాకు పాత కత్తిపీటలు సేకరించే అలవాటుంది. మా అమ్మమ్మగారి కత్తిపీట అలుగు అరిగి అరిగి చిటికెన వేలంత అయింది. అదే పీటకు కొత్త అలుగు నేనే చేసి బిగించుకోవచ్చా? ఎవరిని అడిగినా మిక్సీ కొనుక్కోమంటున్నారు. (ఒక పాఠకురాలు, అమలాపురం)

జవాబు: ఈ ఉత్తరాలన్నిటిలోనూ నాకు ఎక్కువ సంతోషం కలిగించినది మీదేనమ్మా. తప్పకుండా చేయవచ్చు. చాకుకూ కత్తిపీటకూ ఉన్న తేడా ముందు మనసులో పెట్టుకోండి. చాకు కదులుతుంది, కూర కదలదు. కత్తిపీటలో అలుగు నిలబడి ఉంటుంది, రెండు చేతులతో కూరను దాని మీదికి నెడతాం. అందుచేత అలుగు ఊగకూడదు. పీటలోకి దిగే చోట నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంచి, పైకి పోయేకొద్దీ సన్నబడేలా చేయండి. వాదర వెనక మాత్రం వంటింటి కత్తి అంత పలుచన ఉండాలి, లేకపోతే అరటికాయ చెక్కులు తీయలేరు. కొడవలిలా ముందుకు వంగిన ఆ ఆకారానికీ కారణముంది: నెట్టిన కూర జారి పైకి పోకుండా వంపులోనే నిలుస్తుంది.

నాలుగు మిల్లీమీటర్లకన్నా పలుచని పట్టీ కొనకండి. లోపలి వంపుకు సమతలమైన ఆకురాయి పనికిరాదు, అర్ధచంద్రపు ఆకురాయి వాడాలి. పదును పెట్టడానికి కూడా గుండ్రటి కర్రకు గరుకు కాగితం చుట్టుకోవాలి. వంపు తిరిగిన అలుగును నూనెలో ముంచినప్పుడు మెలిపడే అవకాశం ఎక్కువ కాబట్టి మొన ముందుగా, నిలువుగా, పక్కకు కదపకుండా ముంచండి. నూనె పాత్ర ఇనుపదై ఉండాలి, మూత దగ్గర పెట్టుకోవాలి, మంట లేస్తే మూత వేయాలే తప్ప నీళ్ళు చల్లకూడదు. కొబ్బరి కోరే పళ్ళు కావాలంటే కాల్చకముందే ఆకురాయితో తీయాలి, తర్వాత ఉక్కు లొంగదు.

పాత అలుగును ఊడదీసేముందు దాని వంపును అట్టముక్క మీద గీసుకోండి. అయితే ఆ గీత అరిగిపోయిన అలుగుది. అమ్మమ్మగారు కొన్ననాటి వెడల్పు తెలియాలంటే పీటలోని బెజ్జం దగ్గర, అరగని మొదట్లో కొలవండి. అక్కడి వెడల్పును తీసుకుని, వెన్ను వంపుకు సమాంతరంగా ముందువైపు ఇంకొక గీత గీస్తే తొలినాటి అలుగు మీ అట్ట మీద కనిపిస్తుంది. పీట బెజ్జాన్ని పెద్దది చేయకండి, అలుగు తోకనే దానికి సరిపడా అరగదీయండి.